బెట్స్‌ను పంపేసిన ఊళ్లో

(బోస్టన్ శివారులో మా నెలవారీ తెలుగు కలయికలో, 2026 జనవరిలో చేసిన ప్రసంగం ఇది. మంచు వల్ల రాలేకపోయినవాళ్లు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? సరే. మొదట ఒక్క ప్రశ్న. ఇక్కడున్నవాళ్లలో బేస్‌బాల్ రూల్స్ ఎంతమందికి తెలుసు? ఒకటి, రెండు... పిల్లలు చేతులు దించండమ్మా, మీకు తెలుసని నాకు తెలుసు. పెద్దవాళ్లలో ఆరుగురు. పర్లేదు, ఇవాళ రూల్స్‌తో పనిలేదు. ఇవాళ నేను ఆట గురించి చెప్పడం లేదు, కోపం గురించి చెప్తున్నాను. మన బోస్టన్ బేస్‌బాల్ టీమ్ రెడ్ సాక్స్ మూకీ బెట్స్‌ను ఇచ్చేసినట్టు, ఒక టీమ్ తన పెద్ద బ్యాటర్‌ను ఇంకో టీమ్‌కు ఇచ్చేస్తే ఊరంతటికీ వచ్చే కోపం. ఆ కోపం ఒక్కోసారి మూడు నెలల్లో చల్లారిపోతుంది, ఒక్కోసారి జన్మలో చల్లారదు. ఎందుకలా? అదీ నా ప్రశ్న.

నాకీ పిచ్చి ఎలా పట్టిందో ముందు చెప్పాలి. నేను 2003లో హెచ్-4 మీద, అంటే మా ఆయన ఉద్యోగ వీసాకు తోక వీసా మీద వచ్చాను. ఉద్యోగం చేసే వీల్లేదు, కారు నడపడం రాదు. ఆయన పొద్దున వెళ్తే మళ్లీ రాత్రే. పక్కింట్లో ఒక పెద్దావిడ, ఒక్కతే ఉండేది. మీకు చెప్పేటప్పుడు బామ్మగారు అంటాను, పేరెందుకు. ఆవిడ వేసవి సాయంత్రాలు వరండాలో రేడియో పెట్టుకుని కూర్చునేది. టీవీ ఉండీ రేడియో! నేను ఇవతల బట్టలు ఆరేసుకుంటూ వినేదాన్ని. నా ఇంగ్లిషు సగం ఆ రేడియో పుణ్యమే. అందులో ఎప్పుడూ ఒక పేరు వచ్చేది, బామ్మగారు కూడా అదే పేరు జపం చేసేది. "నోమా, నోమా." మనకు నోములున్నాయి కదా, వీళ్లకూ అలాంటిదేదో ఉందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన నోమార్ గార్సియాపారా. బోస్టన్ యాసలో చివరి ర ఎగిరిపోతుంది కదా, అందుకని నోమా.

ఈ నోమార్ ఎవరనుకున్నారు? రెడ్ సాక్స్ షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్. 1999లో, 2000లో వరసగా రెండేళ్లు లీగ్‌లో బ్యాటింగ్ టైటిల్, అంటే అందరికన్నా మంచి సగటు, ఆయనదే. బ్యాటింగ్‌కు వచ్చినప్పుడల్లా గ్లవ్స్ పట్టీలు లాగి, మళ్లీ లాగి, కాలి వేళ్లు నేలకేసి తట్టి... అదొక పూజా విధానం. ఇక్కడి పిల్లలందరూ అదే చేసేవాళ్లు. అలాంటి మనిషిని 2004 జులై 31న, శనివారం, ట్రేడ్ గడువు, అంటే టీమ్‌లు ఆటగాళ్లను మార్చుకునే గడువు, ముగిసే రోజున చికాగో కబ్స్‌కు పంపేశారు. బదులుగా ఎవరొచ్చారు? ఓర్లాండో కాబ్రేరా, డగ్ మెంట్‌కేవిచ్. ఆ రెండో పేరు పలకడం నాకు ఇప్పటికీ రాదు, మీరూ ప్రయత్నించకండి. బామ్మగారు ఆ సాయంత్రం రేడియో పెట్టలేదు. మర్నాడూ పెట్టలేదు. నేను పులిహోర పట్టుకెళ్లాను. చావు ఇంటికి వెళ్లినట్టే వెళ్లాను, ఇంకెలా వెళ్లాలో తెలియక.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక మాట. ఇది ఐపీఎల్ లాంటిది కాదు. ఐపీఎల్‌లో మూడు నాలుగేళ్లకోసారి పెద్ద వేలం పెట్టి, కొద్దిమందిని అట్టేపెట్టుకుని మిగతా జట్లన్నీ కలిపేసి మళ్లీ పంచుతారు. పేకముక్కల్లాగ. మనవాళ్లకు అలవాటైపోయింది. అయినా బాధ లేదా? వార్నర్‌ను గుర్తు చేసుకోండి. 2016లో 848 పరుగులు కొట్టి హైదరాబాద్‌కు కప్పు తెచ్చాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, చివరికి జట్టులోంచే తప్పించారు. మరుసటి ఏడాది ఢిల్లీ తరఫున వచ్చి హైదరాబాద్ మీదే 92 నాటౌట్ కొట్టాడు. ఆ రోజు మా తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, మన టీమ్ ఓడిపోతుంటే నాకు సంతోషంగా ఉందేంటే" అన్నాడు. ఆ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను దానికి.

బేస్‌బాల్‌లో ట్రేడ్ అంటే ఒప్పందం కాగితంతో సహా మనిషిని పంపేయడం. చాలామంది ఆటగాళ్లను ఎవరూ అడగరు. కాంట్రాక్టులో నన్ను ట్రేడ్ చేయకూడదు అని రాయించుకున్నవాళ్లకు, లేదా మేజర్ లీగ్‌లో పదేళ్లు ఆడి, అందులో చివరి అయిదేళ్లు ఒకే టీమ్‌లో ఉన్నవాళ్లకు మాత్రమే కాదనే హక్కు. మిగతావాళ్లకు ఫోన్ వస్తుంది, పెట్టె సర్దుకోవాలి. మన ఆయన్ల ప్రాజెక్టు మార్చినట్టు. నవ్వకండి, కనీసం మన ఆయన్లు రాజీనామా చేసి పక్క కంపెనీలో చేరొచ్చు!

ఇప్పుడు నోమార్ కథ ఎలా ముగిసింది? అక్టోబర్ 27 రాత్రి, అంటే ఆయన్ని పంపిన 88వ రోజున, రెడ్ సాక్స్ వరల్డ్ సిరీస్, అంటే బేస్‌బాల్ కప్పు, గెలిచారు. 1918 తర్వాత మొదటిసారి. 86 ఏళ్లు! ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. మా అత్తగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు, గ్రహణం విడిచేదాకా నన్ను వంటింట్లోకి వెళ్లనివ్వలేదు. ఆటకు నాకు అదే కలిసొచ్చింది, వంట లేదు కాబట్టి మొత్తం చూశాను. చివరి బంతి పిచ్చర్ చేతికి, అంటే మన బౌలర్ లాంటివాడి చేతికి వచ్చింది, ఆయన ఫస్ట్ బేస్‌కు విసిరాడు. అక్కడ పట్టుకున్నదెవరు? మెంట్‌కేవిచ్! నోమార్‌ను ఇచ్చి తెచ్చుకున్న మనిషి చేతిలోనే 86 ఏళ్ల కరువు తీరింది. ఆ బంతి ఆయన జేబులో వేసుకుపోయాడు, దానికోసం తర్వాత టీమ్‌కూ ఆయనకూ పెద్ద పేచీ నడిచింది, అది వేరే హరికథ.

ఆ వారంలో ఇక్కడి శ్మశానాల్లో మీరు చూడాల్సింది. సమాధుల మీద రెడ్ సాక్స్ టోపీలు, జెండాలు, ఆ రోజు పేపర్లు. గెలవడం చూడకుండానే పోయిన తండ్రులకూ తాతలకూ కబురు చెప్పడానికి. బామ్మగారు కూడా వాళ్లాయన దగ్గరికి పేపర్ పట్టుకెళ్లింది. నేనే తోడు వెళ్లాను. గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా గులకరాళ్లు పెట్టింది. తిరిగి వస్తూ నోమార్ ఊసెత్తుతుందేమో అనుకున్నాను. ఎత్తలేదు. తిట్టిన నోరే "మంచి పని చేశారులే" అంది.

ఇక ఆ 86 ఏళ్ల కరువు మాట. బేబ్ రూత్ పేరు అందరూ వినే ఉంటారు. 1919లో ఆయన 29 హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, కొట్టాడు, అప్పటికి అది రికార్డు. ఆ ఏడాది డిసెంబర్‌లో రెడ్ సాక్స్ ఓనర్ హ్యారీ ఫ్రేజీ ఆయన్ని న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేశాడు. మార్పిడి కూడా కాదు, అమ్మకమే. లక్ష డాలర్లకు. పైగా యాంకీస్ ఓనర్ దగ్గర మూడు లక్షల అప్పు, మన స్టేడియం ఫెన్వే పార్క్ తాకట్టు! అంటే శత్రువు దగ్గర ఇల్లు తాకట్టు పెట్టి కొడుకును కూడా వాడికే ఇచ్చినట్టు. ఫ్రేజీ న్యూయార్క్‌లో నాటకాలు వేయించే వ్యాపారి. 1920 జనవరిలో ఆ కబురు బయటికొచ్చింది. ఆ ఏడాదే రూత్ అక్కడ 54 హోమ్ రన్లు కొట్టాడు. అప్పటిదాకా యాంకీస్‌కు ఒక్క కప్పూ లేదు. బోస్టన్‌కు అయిదున్నాయి. ఆ తర్వాత బోర్డు తిరగబడింది. శాపం అన్నారు, బాంబినో శాపం. బాంబినో అంటే రూత్ ముద్దుపేరు. ఇక్కడ నాలుగో తరం పిల్లాడు కూడా ఫ్రేజీ పేరు చెప్తే మొహం చిట్లిస్తాడు. ఆయన్ని చూసినవాడు ఒక్కడూ బతికి లేడు. కోపం మాత్రం బతికుంది.

ఇప్పుడు చూడండి. రూత్ విషయంలో ఓడిపోయారు కాబట్టి కోపం మిగిలింది, నోమార్ విషయంలో గెలిచారు కాబట్టి పోయింది. లెక్క తేలిపోయిందా? నేనూ అలాగే అనుకున్నాను. 2020 దాకా.

మూకీ బెట్స్. మా అమ్మాయి పక్కనుంటే ఈ పేరు ఇంత మామూలుగా పలకనివ్వదు. 2011లో టీమ్‌లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు అయిదో రౌండ్‌లో తీసుకున్న కుర్రాడు, ఇక్కడే పెరిగి 2018లో లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. బ్యాటింగ్ సగటు .346, హోమ్ రన్లు 32, పిచ్చర్ కన్నుగప్పి పరుగెత్తి దొంగిలించిన బేసులు 30. ఆ ఏడాది టీమ్ 108 మ్యాచ్‌లు గెలిచి కప్పు కొట్టింది. బేస్‌బాల్ భీముల మధ్య చూస్తే చిన్నగా ఉంటాడు, అందుకే పిల్లలకు అంత ఇష్టం. అవి సరే. ఆ వరల్డ్ సిరీస్‌లో రెండో మ్యాచ్ గెలిచిన రాత్రి, బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ బయట చలిలో పడుకునే నిరాశ్రయుల దగ్గరికి తన బంధువుతో కలిసి ట్రేలలో భోజనం పట్టుకెళ్లాడు. ఎవరినీ పిలవలేదు, ఫొటోలు తీయించుకోలేదు. ఎవరో చూసి చెప్తే తెలిసింది. ఊరు మనిషిని ప్రేమించడానికి ఇంకేం కావాలి?

2020 ఫిబ్రవరిలో ఆయన్ని లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు ఇచ్చేశారు. డేవిడ్ ప్రైస్ అనే పెద్ద పిచ్చర్‌ను కూడా కలిపి, అతని జీతంలో సగం మేమే కడతామని ఎదురు డబ్బిచ్చి మరీ! కన్యాశుల్కం కాదు, కట్నమూ కాదు, రెండూ కలిపిన పద్ధతి. బదులుగా ముగ్గురు వచ్చారు. వాళ్లలో ఒక కుర్రాడి పేరు జీటర్ డౌన్స్. యాంకీస్ మహానాయకుడు డెరెక్ జీటర్ పేరు పెట్టారు వాళ్ల నాన్న. బోస్టన్‌లో బెట్స్‌ను తీసేసి జీటర్‌ను తెచ్చారు! పాపం ఆ పిల్లాడి తప్పేముంది, కానీ ఊరికి అది పుండు మీద కారంలా తగిలింది.

ఇందులో ఇంకో చిత్రహింస. ఫిబ్రవరి 4న అయిపోయిందన్నారు. మిన్నెసోటా టీమ్ కూడా అందులో ఉంది, వాళ్ల పిచ్చర్ ఒకడు రావాలి. అతని వైద్య పరీక్షల కాగితాలు చూసి రెడ్ సాక్స్ వెనకాడారు. ఒప్పందం ఆగింది. అయిదారు రోజులు ఊరంతా నాడి ఇంకా ఆడుతోందన్నట్టు ఆశగా చూసింది. మా అమ్మాయి స్కూలు నుంచి రాగానే "అమ్మా, ఇంకా మనవాడేనా?" అని అడిగేది. ఫిబ్రవరి 10న పూర్తయిపోయింది.

ఎందుకిచ్చారు? ఆ ఏడాది తర్వాత బెట్స్ ఫ్రీ ఏజెంట్ అవుతాడు, తనకు నచ్చిన చోటికి పోవచ్చు. పదేళ్లకు 300 మిలియన్లు ఇస్తామంటే ఒప్పుకోలేదని పేపర్లలో వచ్చింది. ఉత్తపుణ్యానికి పోయేకన్నా ఇప్పుడే ఇచ్చి ఎవరినైనా తెచ్చుకుందాం అన్నారు. రెండోది లగ్జరీ ట్యాక్స్. ఆ ఏడాది జీతాల మొత్తం 208 మిలియన్లు దాటితే జరిమానా. వరసగా ఏళ్ల తరబడి దాటితే 20 శాతం కాస్తా 30, ఆపైన 50 అవుతుంది. ఒక్క ఏడాది కిందికి దిగితే మళ్లీ 20కి వస్తుంది. బెట్స్ జీతం ఆ ఏడాదికి 27 మిలియన్లు. ఇక్కడ అకౌంట్స్‌లో ఉన్నవాళ్లు తల ఊపుతున్నారు, చూస్తున్నాను. లెక్క తప్పని నేను అనను.

కానీ ఫ్యాన్‌కు ఈ లెక్కెందుకు చెప్పినట్టు? టికెట్ అమ్మేటప్పుడు ఎవరూ మనకు బ్యాలెన్స్ షీట్ చూపించరు. ఇది మన కుటుంబం, మన నేషన్, నీ తాత కూర్చున్న బెంచీ మీద నువ్వు కూర్చుంటున్నావు అని చెప్తారు. మనిషిని పంపేటప్పుడు మాత్రం "మీరు కాస్త ప్రాక్టికల్‌గా ఆలోచించాలి" అంటారు. టీమ్ విలువ మూడు బిలియన్లకు పైనే. అదే ఓనర్లకు ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బూ ఉంది. రెడ్ సాక్స్ ముఖ్య ఓనర్ జాన్ హెన్రీకి బోస్టన్ గ్లోబ్ పత్రిక కూడా ఉంది. అంటే ఆయన చేసిన పనికి మనం తిట్టుకునేది ఆయన పేపర్ చదువుతూనే!

నాకు అప్పుడు వెలిగింది. ఫ్యాన్ కోపం ఎంతకాలం ఉంటుందన్నది గెలుపోటముల మీద మాత్రమే లేదు, ఆటగాడు ఎంత గొప్పవాడన్న దాని మీదా లేదు. ఏ కారణం చెప్పి పంపారన్న దాని మీద ఉంది. నోమార్‌ను పంపినప్పుడు ఏం చెప్పారు? మన ఫీల్డింగ్ బాగా లేదు, ఇలా అయితే గెలవలేం అన్నారు. తప్పో ఒప్పో, గెలవడం కోసం అన్నారు. అది ఫ్యాన్‌కు అర్థమయ్యే భాష. రూత్‌నూ బెట్స్‌నూ పంపినప్పుడు విన్నది డబ్బు మాట. రూత్‌కు ముందు అయిదు కప్పులున్నాయి, బెట్స్‌ను పంపడానికి పదిహేను నెలల కిందటే కప్పు గెలిచారు. ఆకలితో ఉన్న ఇల్లు ఆవును అమ్ముకుంటే జాలిపడతాం. గాదె నిండుగా ఉండి అమ్మితే?

ఆ కోపానికి దారి కూడా దొరకలేదు. మార్చిలో కరోనా వచ్చింది. జులై ఆఖరుకు ఆటలు మొదలైతే ఖాళీ స్టేడియాలు. బూ అనడానికి కూడా మనుషుల్లేరు. ఆ పొట్టి సీజన్‌లో రెడ్ సాక్స్ 24 గెలిచి 36 ఓడి అట్టడుగున పడ్డారు. బెట్స్ జులైలోనే డాడ్జర్స్‌తో 12 ఏళ్లకు 365 మిలియన్ల ఒప్పందం రాసుకున్నాడు. అక్టోబర్ 27, చూడండి, మళ్లీ అదే తేదీ, టెక్సాస్‌లో ఆరో మ్యాచ్. ఆరో ఇన్నింగ్స్‌లో డబుల్ కొట్టి, తర్వాత ఫస్ట్ బేస్ వైపు దొర్లిన చిన్న బంతికి హోమ్‌కు దూకి ఆధిక్యం తెచ్చాడు. ఎనిమిదిలో హోమ్ రన్ కూడా కొట్టాడు. కప్పు డాడ్జర్స్‌ది. మా అమ్మాయి సోఫా మీద ఎగిరి గంతేసి, తర్వాత ఏడ్చింది. ఇందాక మా తమ్ముడి మాట గుర్తుంచుకోమన్నాను కదా. ఇదీ అదే. తర్వాత 2024లో ఒకటి, మొన్న 2025లో టొరంటోలో ఏడో మ్యాచ్‌లో ఒకటి. ఆ మ్యాచ్ చివరి డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయడం, మొదలుపెట్టింది బెట్సే, షార్ట్‌స్టాప్‌గా! కప్పు గెలిచినవాళ్లకు ఇచ్చే ఉంగరాలు మొత్తం నాలుగు. బోస్టన్‌లో వచ్చింది ఒకటి.

బెట్స్ ట్రేడ్ చేసిన రెడ్ సాక్స్ అధికారి హాయిమ్ బ్లూమ్‌ను 2023 సెప్టెంబర్‌లో తీసేశారు. ఈ విషయంలో డాలస్ మనవాళ్లు మనకంటే నయం. నిరుడు ఫిబ్రవరిలో అక్కడి బాస్కెట్‌బాల్ టీమ్ మావెరిక్స్ వాళ్లు తమ పెద్ద ఆటగాడు లూకా డాంచిచ్‌ను ఇచ్చేస్తే స్టేడియంలో "నికోను తీసేయండి" అని అరిచి అరిచి, నవంబర్‌కల్లా ఆ జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను పంపించేశారు. డాలస్‌లో మా ఆడపడుచు కొడుకు ఇప్పటికీ గొంతు బొంగురుగానే మాట్లాడతాడు.

సరే, ఇంతసేపూ మన బాధే చెప్పుకున్నాం. ఆటగాడి సంగతి? కర్ట్ ఫ్లడ్ అని సెయింట్ లూయిస్‌లో ఆడేవాడు. 1969లో ఆయన్ని అడగకుండా ఫిలడెల్ఫియాకు ట్రేడ్ చేస్తే, వెళ్లనన్నాడు. పన్నెండేళ్లు ఆడాను, నన్ను నా ఇష్టంతో పనిలేకుండా కొని అమ్మే వస్తువులా చూస్తే ఒప్పుకోను అని బేస్‌బాల్ లీగ్ కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. సుప్రీంకోర్టుదాకా వెళ్లాడు. 1972లో 5-3తో ఓడిపోయాడు, ఆ తగవులోనే ఆయన ఆటా ముగిసిపోయింది. ఇవాళ బెట్స్‌కు ఫ్రీ ఏజెంట్ అయ్యే హక్కు ఉందంటే, అలాంటివాళ్లు తగవు పడబట్టే. ఆ హక్కు రాబోతోందన్న భయంతోనే బెట్స్‌ను పంపేశారు! ఇందులో ఎవరిని తిట్టాలో మీరే చెప్పండి.

చివరగా పోయిన జూన్. రెడ్ సాక్స్ పెద్ద బ్యాటర్ రఫేల్ డెవర్స్. 2023 జనవరిలో 313.5 మిలియన్లకు పదేళ్ల ఒప్పందం చేసుకున్నారు, బెట్స్‌తో చేసిన తప్పు మళ్లీ చేయం అన్నట్టు. థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ నీదే అన్నారు. నిరుడు అక్కడే ఆడే అలెక్స్ బ్రెగ్‌మన్ రాగానే నువ్వు బ్యాటింగ్ మాత్రమే చెయ్ అన్నారు. మే నెలలో ఫస్ట్ బేస్‌మన్‌కు మోకాలు దెబ్బతింటే, ఇప్పుడు అక్కడికి వెళ్లు అన్నారు. గ్లవ్ పక్కన పెట్టమన్నది మీరే కదా అన్నాడు. మనింట్లో పెద్దకొడుకుతో ఆ గది నీదేరా అని, చుట్టాలొచ్చారని హాల్లో పడుకోమని, తర్వాత వసారాలో పక్క వేస్తే ఏమంటాడు? అయితే జీతం తీసుకునేవాడు టీమ్‌కు అవసరమైతే వెళ్లొద్దా అని మా ఆయన వాదన. మా ఇంట్లోనే రెండు పార్టీలు.

జూన్ 15, ఆదివారం, ఫాదర్స్ డే. ఫెన్వేలో యాంకీస్‌ను మూడుకు మూడూ ఓడించారు. ఆఖరి మ్యాచ్‌లో డెవర్స్ హోమ్ రన్. మేం బజ్జీలు వేసుకుని పండగ చేసుకుంటున్నాం. టీమ్ సియాటిల్‌కు బయల్దేరే వేళకు ఫోన్లు మోగాయి. శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చేశారట! మళ్లీ వారమే రెడ్ సాక్స్ అక్కడికి వెళ్తే డెవర్స్ వాళ్ల మీద హోమ్ రన్ కొట్టాడు. కొట్టడా మరి? అయినా లెక్క చూస్తే రెడ్ సాక్స్ 89 గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్లారు, శాన్ ఫ్రాన్సిస్కో 81 గెలిచి 81 ఓడింది. మేనేజ్‌మెంట్ మాట నెగ్గింది. ఈసారి కారణం డబ్బూ కాదు, గెలుపూ కాదు, మాటపట్టింపు. ఈ కోపం ఎన్నాళ్లుంటుందో నా సూత్రానికి అందడం లేదు, నిజం చెప్తున్నాను.

బామ్మగారు ఇవేవీ చూడలేదు, 2017లో పోయారు. 2018 కప్పు పేపర్ నేనే పట్టుకెళ్లి పెట్టొచ్చాను, గులకరాళ్లతో సహా. 2020 పేపర్ మాత్రం తీసుకెళ్లలేదు.

బెట్స్ 2023 ఆగస్టులో డాడ్జర్స్ బట్టల్లో మొదటిసారి ఫెన్వేకు వచ్చాడు. మేం వెళ్లాం. బ్యాటింగ్‌కు రాగానే స్టేడియం మొత్తం లేచి నిలబడింది. మా అమ్మాయి 2018లో కొన్న 50 నంబర్ చొక్కా వేసుకుంది, అప్పటికి చేతులు మోచేతుల దగ్గరికి వచ్చేశాయి. పక్కనున్న తాత దాన్ని చూసి, తన చొక్కా వీపు చూపించాడు. బెట్స్ పేరు మీద టేపు వేసి ఉంది. మూడేళ్ల కింద వేసిన టేపు. గోటితో అంచు పట్టుకుని పీకమని మా అమ్మాయినే అడిగాడు. పీకితే సగం అక్షరాలు కూడా టేపుతో పాటే ఊడొచ్చాయి.

పోయిన శరదృతువులో స్టేడియం దగ్గర ఒక కొట్లో డెవర్స్ 11 నంబర్ చొక్కాలు సగం ధరకు వేలాడదీశారు. ఒకటి కొన్నాను. పంపేసినవాడి చొక్కా ఎందుకే అన్నారు మా ఆయన. వాడు ఎప్పుడో ఒకప్పుడు ఫెన్వేకు వస్తాడు కదా. ఆ రోజు లేచి నిలబడతానో, కూర్చుని బూ అంటానో ఇంకా తేల్చుకోలేదు. చొక్కా మాత్రం తీసి పెట్టాను.